కీమోకి ముందు గుడ్లు ఫ్రీజ్ చేయించడం: మా చెల్లె కోసం అడుగుతున్నాను

నర్సంపేట అన్న | ఆదివారం రాత్రి 9.50

అందరికీ నమస్తే. మా చెల్లెకు 26 ఏళ్ళు. రొమ్ములో గడ్డ తగులుతోందని చూపిస్తే బయాప్సీలో క్యాన్సర్ అని వచ్చింది. రిపోర్టులో ఈఆర్ పాజిటివ్, పీఆర్ పాజిటివ్ (అంటే హార్మోన్‌తో పెరిగే రకమట), హెర్2 నెగెటివ్ అని ఉంది. హైదరాబాద్‌లో చూపిస్తున్నాం. ముందు కీమో ఇచ్చి, గడ్డ చిన్నదయ్యాక సర్జరీ చేస్తామన్నారు. పెట్ స్కాన్, గుండెకు 2డీ ఎకో, కీమో ఎక్కించడానికి చర్మం కింద పోర్టు పెట్టడం అన్నీ అయ్యేసరికి మూడు వారాల దాకా పడుతుందట.

అక్కడ ఒక జూనియర్ డాక్టరమ్మ మమ్మల్ని పక్కకు పిలిచి, కీమో వల్ల అండాశయాలు దెబ్బతినొచ్చు, తర్వాత పిల్లలు కావాలనుకుంటే ఇప్పుడే గుడ్లు ఫ్రీజ్ చేయించుకునే దారి ఉంది అని చెప్పింది. పెద్ద డాక్టర్ ఆ మాట ఎత్తలేదు. ఇంటికొచ్చి చెప్తే అమ్మ, ముందు పిల్ల బతకాలి, కడుపు సంగతి ఇప్పుడెందుకు అని ఏడుస్తోంది. దసరా తర్వాత చెల్లె పెళ్ళి అనుకున్నాం. పిల్లవాడి ఇంటివాళ్ళకు జబ్బు సంగతి ఇంకా చెప్పలేదు.

పెళ్ళికాని పిల్లకు ఇది చేస్తారా? హార్మోన్ సూదులు ఇస్తారంటున్నారు, ఈమెదేమో హార్మోన్‌తో పెరిగే క్యాన్సర్ అంటున్నారు. సూదులతో జబ్బు పెరగదా? తేల్చుకోవడానికి మాకు ఎక్కువ టైం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

కాజీపేట చెల్లె | ఆదివారం రాత్రి 10.25

అన్నా, పెళ్ళికాకుండానే నేను చేయించుకున్నాను. కాబట్టి చేస్తారా లేదా అన్న సందేహం పెట్టుకోకండి.

నాకు డిగ్రీ అయిన కొత్తలో హాడ్జ్‌కిన్ లింఫోమా అనే లింఫు గ్రంథుల క్యాన్సర్ వచ్చింది. అప్పుడు ఇచ్చిన ఏబీవీడీ అనే కీమోతో గుడ్లకు ముప్పు తక్కువని చెప్పారు. నిజంగానే ఆ తర్వాత నెలసరి మామూలుగా వచ్చింది. కొన్నేళ్ళకు జబ్బు తిరగబెట్టింది. ఈసారి పెద్ద డోసు కీమో ఇచ్చి బోన్‌మారో ట్రాన్స్‌ప్లాంట్ చేయాలన్నారు. అది చేస్తే అండాశయాలు దాదాపు పనిచేయకుండా పోతాయని డాక్టర్ మొహం మీదే చెప్పారు. మోటుగా చెప్పినా, చెప్పినందుకు ఆయనకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను. ఆ మాటతోనే ఫెర్టిలిటీ సెంటర్‌కి పోయాను.

రోజూ పొట్టకు సూది. మధ్యమధ్య స్కానింగు, రక్త పరీక్ష. చివరి రోజుల్లో పొట్ట ఉబ్బి బరువుగా అనిపించింది. గుడ్లు తీసేటప్పుడు మత్తు ఇచ్చారు, లేచేసరికి అయిపోయింది. సాయంత్రానికి ఇంటికి పంపించారు. ముందు ఒకసారి కీమో పడ్డ శరీరం కాబట్టి గుడ్లు తక్కువే వచ్చాయి. మీ చెల్లెకు ఇంకా ఒక్క కీమో కూడా పడలేదు. అందుకే చెప్తున్నాను, అడగాల్సింది ఇప్పుడే.

హనుమకొండ గైనిక్ | సోమవారం ఉదయం 6.40

నేను హనుమకొండలో గైనకాలజిస్టుని. ఫైల్ చూడకుండా ఇది చేయండి, అది మానండి అని చెప్పడం సరికాదు. కానీ అక్కడ మీరు ఏం అడగాలో తెలియడానికి విషయం మొత్తం చెప్తాను. కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

ఆడపిల్ల పుట్టేటప్పటికే ఆమె అండాశయాల్లో పది, ఇరవై లక్షల గుడ్లు ఉంటాయి. పెద్దమనిషి అయ్యేసరికి మూడు, నాలుగు లక్షలు మిగులుతాయి. ఒకసారి నింపి వదిలేసిన గరిసె అనుకోండి, తీయడమే తప్ప మళ్ళీ పోసేది ఉండదు. కీమో మందుల్లో కొన్ని, ముఖ్యంగా రొమ్ము క్యాన్సర్‌కి తరచుగా ఇచ్చే సైక్లోఫాస్ఫమైడ్, ఈ నిల్వను తగ్గిస్తాయి. ఎంత తగ్గుతుందన్నది మందును బట్టి, డోసును బట్టి, వయసును బట్టి ఉంటుంది. 26 ఏళ్ళ పిల్లకు మామూలు కీమో తర్వాత నెలసరి తిరిగి వచ్చే అవకాశాలే ఎక్కువ. అయితే నెలసరి వచ్చింది కదా అని నిల్వ అంతా ఉన్నట్టు కాదు. మెనోపాజ్ ముందే రావచ్చు.

మీ చెల్లె విషయంలో ఇంకొకటి ఉంది. హార్మోన్ పాజిటివ్ కాబట్టి కీమో, సర్జరీ అన్నీ అయ్యాక టామాక్సిఫెన్ లాంటి మాత్రలు కనీసం ఐదేళ్ళు వాడాలంటారు. అవి వాడుతూ గర్భం దాల్చకూడదు. 2023లో పాజిటివ్ అనే అధ్యయనం ఫలితాలు వచ్చాయి. ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ళు మాత్రలు వాడాక, పిల్లల కోసం రెండేళ్ళ వరకు ఆపిన 500 మందికి పైగా ఆడవాళ్ళను అందులో గమనించారు. తొలి మూడేళ్ళలో జబ్బు తిరగబెట్టడం మిగతావాళ్ళ కంటే ఎక్కువగా కనిపించలేదు. కాబట్టి దారి ఉంది, కానీ మధ్యలో కొన్నేళ్ళు పోతాయి. 26 ఏళ్ళ నాటి గుడ్డును ఫ్రీజ్ చేస్తే దాని వయసు 26 దగ్గరే ఆగిపోతుంది.

ఇక సూదుల భయం. ఈ ప్రశ్న అడగాల్సిందే, మంచి పని చేశారు. గుడ్లు పెరగడానికి సూదులు ఇస్తే ఒంట్లో ఈస్ట్రోజెన్ బాగా పెరుగుతుంది. అందుకే హార్మోన్ పాజిటివ్ వాళ్ళకు సూదులతో పాటు లెట్రోజోల్ అనే మాత్ర ఇస్తారు. అది ఈస్ట్రోజెన్‌ని మామూలు నెలలో ఉండే స్థాయికి దగ్గరగా పట్టి ఉంచుతుంది. ఈ పద్ధతిలో చేయించుకున్నవాళ్ళలో జబ్బు తిరగబెట్టడం పెరిగినట్టు ఇప్పటివరకు వచ్చిన అధ్యయనాల్లో కనిపించలేదు. లెట్రోజోల్‌తో కలిపి ఇస్తారా అని ఫెర్టిలిటీ డాక్టర్‌ని తప్పకుండా అడగండి.

టైం సంగతి. ఇదివరకు నెలసరి వచ్చేదాకా ఆగి మొదలుపెట్టేవాళ్ళు. ఇప్పుడు క్యాన్సర్ పేషెంట్లకు ఏ రోజైనా మొదలుపెడతారు. సూదులు పది, పన్నెండు రోజులు. గుడ్లు పక్వం కావడానికి చివర ఇచ్చే ట్రిగ్గర్ సూది పడ్డాక 34 నుంచి 36 గంటలకు గుడ్లు తీస్తారు. మొత్తం రెండు వారాలు. మీకు ఎకో, పెట్ స్కాన్, పోర్టు అయ్యేలోపు ఇదీ అయిపోవచ్చు. కీమోని వెనక్కి జరపాల్సిన అవసరం చాలాసార్లు రాదు. కాకపోతే రేపే మొదలుపెట్టాలి, పది రోజులు ఆలోచించి కాదు.

పత్తి యార్డు కాక | సోమవారం ఉదయం 8.15

బిడ్డా, నేను ఎనుమాముల మార్కెట్‌లో కమీషన్ వ్యాపారం చేస్తాను. చదువుకున్నవాళ్ళలాగా చెప్పలేను. మా ఇంట్లో వదినను ఈ జబ్బుతోనే పోగొట్టుకున్నాం. రెండు నెలలు ఆలస్యమైంది, అప్పటికే ఊపిరితిత్తులకు పాకింది. అందుకే మీ అమ్మ మాటే నాకు సబబుగా తోస్తోంది. ప్రాణం ఉంటే దత్తత తీసుకోవచ్చు, లేకపోయినా బతకొచ్చు. దీని కోసం ఒక్క రోజు కూడా కీమో ఆపొద్దు. డాక్టరమ్మ చెప్పింది బాగానే ఉంది కానీ, సెంటర్లవాళ్ళు డబ్బు కోసం ఇంకో నెల, ఇంకో నెల అని తిప్పితే ఎవరు అడుగుతారు?

ఇంకో మాట. ఏళ్ళ తరబడి ఫ్రీజ్‌లో పెడతారంటున్నారు. కరెంటు పోతే?

హనుమకొండ గైనిక్ | సోమవారం మధ్యాహ్నం 2.30

కాకా, మీ బాధ అర్థమైంది. కీమోని ఆపమని నేను కూడా అనను. తేదీని నిర్ణయించేది క్యాన్సర్ డాక్టరే. ఆయన ఫలానా రోజు కీమో అని చెప్తే, ఫెర్టిలిటీ సెంటర్ ఆ తేదీలోపే పని ముగించాలి. ముగించలేకపోతే మొదలే పెట్టకూడదు. ఇద్దరు డాక్టర్లూ ఒకరితో ఒకరు ఫోన్‌లో మాట్లాడుకునేలా చేయండి, నర్సంపేట అన్నా. మధ్యలో మీరు చీటీలు మోస్తూ తిరిగితేనే రోజులు పోతాయి. ఒక్కసారి తీసినప్పుడు ఎన్ని గుడ్లు వస్తే అన్నే. ఇంకో నెల చూద్దాం అనే మాట క్యాన్సర్ పేషెంట్ విషయంలో రాకూడదు, వస్తే లేచి వచ్చేయండి.

కరెంటు గురించి: గుడ్లను దాచేది లిక్విడ్ నైట్రోజన్ ట్యాంకుల్లో, మైనస్ 196 డిగ్రీల చలిలో. ఆ చలికి కరెంటు అక్కర్లేదు, నైట్రోజన్ తగ్గకుండా నింపుతూ ఉండాలి. మట్టం తగ్గితే అలారం మోగే ఏర్పాటు ఉందా అని సెంటర్‌లో అడగండి, అది అడగదగిన ప్రశ్నే. గుడ్డులో నీరు ఎక్కువ, మెల్లగా గడ్డకడితే లోపల మంచు పలుకులు ఏర్పడి గుడ్డు పాడవుతుంది. ఫ్రీజ్ చేసిన గుడ్డుతో తొలి కాన్పు 1986లోనే జరిగినా, చాలా ఏళ్ళు ఇది నమ్మకమైన పద్ధతి కాలేకపోయింది అందుకే. విట్రిఫికేషన్ అని క్షణాల్లో గట్టిపరిచే పద్ధతి వచ్చాక పరిస్థితి మారింది. 2012లో అమెరికాలోని సంతాన వైద్యుల సంఘం దీన్ని ఇక ప్రయోగంగా చూడనక్కర్లేదని చెప్పింది.

జమ్మికుంట టీచర్ | సోమవారం రాత్రి 9.05

మా బిడ్డకు అక్యూట్ లుకీమియా అనే రక్త క్యాన్సర్ వచ్చినప్పుడు నేనూ ఇదే అడిగాను. కుదరదన్నారు. తెల్లకణాలు విపరీతంగా ఉన్నాయి, ప్లేట్‌లెట్లు పడిపోయాయి, రెండు వారాలు కాదు కదా రెండు రోజులు కూడా ఆగే పరిస్థితి లేదన్నారు. సూదితో గుడ్లు తీస్తే రక్తస్రావం ఆగదు, ఇన్‌ఫెక్షన్ వస్తుంది అన్నారు. ఆ రాత్రే కీమో మొదలుపెట్టారు.

ఇప్పుడు మా బిడ్డ బాగుంది, కాలేజీకి పోతోంది. పిల్లలు పుడతారో లేదో ఆ దేవుడికే తెలియాలి. ఎందుకు రాస్తున్నానంటే, కొన్ని జబ్బుల్లో టైం ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. మీకు ఉందని డాక్టరే చెప్తుంటే దాన్ని వదులుకోవద్దు. అమ్మగారికి నా మాటగా చెప్పండి, తల్లిగా చెప్తున్నాను: అడగడం తప్పు కాదు. పిల్ల ప్రాణం కంటే పిల్లలు ఎక్కువ అనుకున్నట్టూ కాదు.

నర్సంపేట అన్న | సోమవారం రాత్రి 10.10

మీ అందరికీ చేతులెత్తి మొక్కుతున్నాను. టీచరమ్మ రాసింది అమ్మకు చదివి వినిపించాను. ఖర్చు ఎంతవుతుంది? ఆరోగ్యశ్రీలో వస్తుందా?

మంచిర్యాల బొగ్గుబావి | మంగళవారం ఉదయం 5.30

తమ్ముడూ, రాత్రి షిఫ్టు దిగి రాస్తున్నాను. మా ఆవిడకు రొమ్ములో కాదు, పెద్దపేగు కింది భాగంలో వచ్చింది. పొత్తికడుపుకు రేడియేషన్ ఇవ్వాలన్నారు. మాకు అప్పటికే పెళ్ళైంది కాబట్టి పిండాలను దాచుకున్నాం. పెళ్ళికాని పిల్లకైతే గుడ్లే.

ఆరోగ్యశ్రీలో కీమో, సర్జరీ, రేడియేషన్ వస్తాయి. 2023 డిసెంబర్‌లో పరిమితి ఐదు లక్షల నుంచి పది లక్షలకు పెంచారు కూడా. కానీ గుడ్లు ఫ్రీజ్ చేయడం అందులో లేదు, మొత్తం చేతి నుంచే. మాకు సూదులు, స్కానింగులు, మత్తు, ల్యాబు అన్నీ కలిపి లక్షన్నర దాటింది. ఎక్కువ భాగం సూదులకే పోతుంది. ఏటా దాచినందుకు అద్దె వేరు. అది ఎంతో, ఏటా ఎంత పెంచుతారో మొదటి రోజే కాగితం మీద రాయించుకో. క్యాన్సర్ పేషెంట్ అని చెప్తే కొన్ని సెంటర్లు, కొన్ని మందుల కంపెనీలు తగ్గిస్తాయి. అడగకపోతే ఎవరూ చెప్పరు.

రైలు పాసు సంగతి కూడా చెప్తాను, చాలామందికి తెలియదు. క్యాన్సర్ చికిత్సకు పోయేవాళ్ళకు రైల్వే రాయితీ ఉంది. స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో పేషెంట్‌కు పూర్తిగా ఉచితం, వెంట పోయే ఒకరికి 75 శాతం తగ్గింపు. సెకండ్ క్లాసులో, చైర్ కార్‌లో ఇద్దరికీ 75 శాతం. దవాఖానలో ఫారం మీద సంతకం, ముద్ర వేయించుకోవాలి. వరంగల్ నుంచి సికింద్రాబాద్‌కి వారానికి ఎన్నిసార్లు తిరగాలో, ఆ పైసలు సూదులకు పనికొస్తాయి.

ములుగు ఏఎన్ఎం | మంగళవారం ఉదయం 7.20

అందరూ మంచి విషయాలు చెప్తున్నారు. నాకు ఒక్కటి అర్థం కాలేదు. అన్న అడుగుతున్నాడు, అమ్మ ఏడుస్తోంది, పిల్లవాడి ఇంటివాళ్ళకు ఏం చెప్పాలని చూస్తున్నారు. ఆ పిల్ల ఏమంటోంది? ఆమెకు ఈ సంగతి చెప్పారా?

నర్సంపేట అన్న | మంగళవారం ఉదయం 8.00

చెప్పాను అక్కా. ఏం మాట్లాడలేదు. ఇంకా టెన్షన్ పెట్టడం ఎందుకని మేమూ గట్టిగా అడగలేదు. ఈ పేజీ మాత్రం ఆమె ఫోన్‌కి పంపాను.

చెల్లెని నేనే | మంగళవారం ఉదయం 11.45

నేనే ఆ చెల్లెని. అన్న పంపితే మొదటి నుంచి చదివాను. రాత్రి నిద్ర పట్టలేదు, నోట్సు రాసుకున్నాను. నాకు చేయించుకోవాలనే ఉంది. ఇంట్లో చెప్పలేకపోయినవి ఇక్కడ అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి.

గైనిక్ మేడం, స్కానింగు లోపలి నుంచి చేస్తారని చదివాను. నాకు పెళ్ళికాలేదు. అది తప్పదా? గుడ్లు ఎన్ని వస్తే పనికొస్తాయి? సూదులు మా ఇంట్లో ఫ్రిజ్‌లో పెడితే సరిపోతుందా, మా దగ్గర కరెంటు పోతూ ఉంటుంది. నేను సంతకం పెడితే చాలా, నాన్న లేడు కాబట్టి అన్న పెట్టాలా? రేపు పెళ్ళయ్యాక ఆ గుడ్ల మీద హక్కు ఎవరిది?

హనుమకొండ గైనిక్ | మంగళవారం మధ్యాహ్నం 3.10

తల్లీ, ఏమీ అనుకోవడానికి ఇందులో ఏముంది. మా క్లినిక్‌లో పెళ్ళికాని పిల్లలు ఈ ప్రశ్న నోటిదాకా తెచ్చుకుని మింగేస్తుంటారు. నువ్వు అడిగావు కాబట్టి వాళ్ళకూ జవాబు దొరుకుతుంది.

గుడ్లు ఎలా పెరుగుతున్నాయో చూసే స్కానింగును మూత్రాశయం నిండుగా ఉంచి పొట్ట మీది నుంచి చేయవచ్చు. అంత స్పష్టంగా కనిపించకపోతే మలద్వారం ద్వారా చేసే పద్ధతి కూడా ఉంది. ముందే చెప్పు, లేడీ డాక్టర్ కావాలని కూడా అడుగు. అయితే గుడ్లు తీయడం మాత్రం మామూలుగా యోని మార్గం నుంచే, మత్తులో, సన్నని సూదితో. పావుగంట, అరగంట పని. కుట్లు ఉండవు. దీని గురించి నీతో విడిగా, ఇంట్లోవాళ్ళు పక్కన లేకుండా మాట్లాడమని డాక్టర్‌ని అడుగు. ఆ హక్కు నీకు ఉంది.

ఎన్ని గుడ్లు అంటే, ముందు గుడ్ల నిల్వ ఎంతుందో చెప్పే ఏఎంహెచ్ రక్త పరీక్ష, స్కానింగులో కనిపించే చిన్న ఫాలికల్స్ (గుడ్లు పెరిగే సంచులు) లెక్క చూసి అంచనా వేస్తారు. పది, పదిహేను వస్తే మంచి సంఖ్యే. కానీ ఒక గుడ్డు అంటే ఒక బిడ్డ కాదు. పక్వమైనవే ఫ్రీజ్ చేస్తారు. కరిగించినప్పుడు ఎక్కువ భాగం బతుకుతాయి, అన్నీ బతకవు. బతికినవాటిలో కొన్నే పిండాలవుతాయి, ఆ పిండాల్లో కొన్నే గర్భాశయంలో నిలుస్తాయి. తప్పకుండా బిడ్డ పుడుతుందని ఎవరైనా గ్యారంటీ ఇస్తే నమ్మవద్దు. ఇది అవకాశాన్ని మిగుల్చుకోవడమే. దాచినవాళ్ళలో చాలామందికి తర్వాత వాటితో పనే పడదు, మామూలుగానే గర్భం వస్తుంది. అదీ మంచిదే కదా.

కడుపు ఉబ్బడం గురించి కాజీపేట చెల్లె రాసింది. అండాశయాలు మరీ ఎక్కువగా స్పందిస్తే పొట్టలో నీరు చేరుతుంది. ట్రిగ్గర్ సూదిలో ల్యూప్రోలైడ్ రకం ఎంచుకుంటే ఆ ప్రమాదం బాగా తగ్గుతుంది. కీమో ముందు ఉన్నవాళ్ళకు అదే మేలు.

గుడ్లు దాచినా, దాచకపోయినా ఇంకో విషయం అడుగు. కీమో జరిగినన్నాళ్ళూ అండాశయాలను నిద్రపుచ్చే గోసెరెలిన్ సూది ఉంది, నెలకొకటి, మొదటి కీమోకి కనీసం వారం ముందు మొదలుపెట్టాలి. రొమ్ము క్యాన్సర్ ఉన్న చిన్న వయసువాళ్ళకు ఇది కొంత రక్షణ ఇస్తుంది. గుడ్లు దాచడానికి బదులు కాదు, దానికి తోడు.

నీ వయసులో రొమ్ము క్యాన్సర్ వచ్చింది కాబట్టి జబ్బు వంశంలో వస్తోందా అని చూసే బీఆర్‌సీఏ జన్యు పరీక్ష కూడా చేయిస్తారు. చేయించకపోతే అడుగు. దాని ఫలితం నీ సర్జరీకీ, రేపు మీ ఇంట్లో ఆడపిల్లలకూ పనికొస్తుంది.

ములుగు ఏఎన్ఎం | మంగళవారం సాయంత్రం 6.30

చెల్లే, సూదుల సంగతి నేను చెప్తాను. కొన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, కొన్ని పొడి రూపంలో వస్తాయి, వాటికి మామూలు గది చల్లదనం చాలు. డబ్బా మీద రాసి ఉంటుంది. ఫ్రిజ్ తలుపులో పెట్టవద్దు, మధ్య అరలో పెట్టు. డీప్ ఫ్రీజర్‌కి తగలకూడదు, గడ్డకడితే మందు పనికిరాదు. కరెంటు గంటల తరబడి పోయే ఊరైతే ఐస్ ప్యాకులు వేసిన వ్యాక్సిన్ డబ్బా లాంటిది దగ్గర ఉంచుకో. మీ పీహెచ్‌సీలో సిస్టర్‌ని అడిగితే సూది వేస్తుంది, రోజూ హైదరాబాద్ పోవాల్సిన పని లేదు. రోజూ ఒకే టైంకి వేయించుకో. స్కానింగు రోజులకు మాత్రం పోవాలి.

ఇది చదివే పెళ్ళైన చెల్లెళ్ళకు ఒక మాట. కీమోలో నెలసరి ఆగిపోయిందని గర్భం రాదనుకోవద్దు. వచ్చిన కేసులు చూశాను. నిరోధ్ గానీ కాపర్‌టీ గానీ డాక్టర్‌ని అడిగి వాడాలి. హార్మోన్ పాజిటివ్ వాళ్ళు గర్భనిరోధక మాత్రలు వేసుకోకూడదు.

కరీంనగర్ వకీలు | మంగళవారం రాత్రి 9.40

చట్టం సంగతి నాకు వదిలేయండి. సంతాన సాఫల్య చికిత్సల మీద ఏఆర్‌టీ చట్టం 2021లో వచ్చింది, 2022 జనవరి 25 నుంచి అమల్లో ఉంది. 21 ఏళ్ళు దాటి 50 లోపు ఉన్న మహిళ ఈ సేవలు పొందవచ్చు. పెళ్ళి కావాలన్న షరతు లేదు. అమ్మా, నీకు 26. నీ సంతకం చాలు. మీ అన్న సాక్షిగా ఉండవచ్చు, అనుమతి ఇచ్చేది నువ్వే. గుడ్లు నీవి. పెళ్ళైనా నీవే. భర్త వీర్యంతో పిండం చేసిన రోజు నుంచి మాత్రం ఇద్దరి రాతపూర్వక అంగీకారం కావాలి. పెళ్ళికాని పిల్లలకు పిండాల కంటే గుడ్లు దాచడమే మేలని చెప్పేది అందుకు కూడా.

సెంటర్‌ను ఎంచుకునేటప్పుడు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూడండి. లెవెల్ 1 క్లినిక్‌లు గుడ్లు తీసే పని చేయకూడదు, లెవెల్ 2 అయి ఉండాలి. నిల్వకు చట్టంలో పదేళ్ళ గడువు మాట ఉంది, కాబట్టి ఒప్పంద పత్రంలో గడువు ఎంత రాశారో, సెంటర్ మూసేస్తే గుడ్లను ఎక్కడికి మారుస్తారో, నీకు ఏదైనా జరిగితే వాటిని ఏం చేయాలో చదివి సంతకం పెట్టు. ఆ చివరి కాలమ్ నింపడం కష్టంగా ఉంటుంది, ఖాళీగా మాత్రం వదలకు. ప్రతి కాగితం జిరాక్స్ నీ దగ్గర ఉండాలి. తర్వాత సరోగసీ చేయించుకుందాం అని ఎవరైనా తేలిగ్గా చెప్తే నమ్మవద్దు. డబ్బిచ్చి చేయించుకునే సరోగసీ మన దేశంలో నేరం. ఒంటరి మహిళల్లో వితంతువులకు, విడాకులైనవాళ్ళకు మాత్రమే, అదీ 35 నుంచి 45 ఏళ్ళ మధ్య అవకాశం ఉంది.

పత్తి యార్డు కాక | మంగళవారం రాత్రి 10.05

బిడ్డా, నువ్వు రాసింది చూశాక నేను ఇంకేం చెప్పను, నీ ఇష్టప్రకారమే చేయించుకో. పిల్లవాడి ఇంటివాళ్ళకు మాత్రం దాచవద్దు. దాచి పెళ్ళి చేస్తే రేపు ఆ మాటే నీ మెడకు చుట్టుకుంటుంది.

భూపాలపల్లి వదిన | బుధవారం ఉదయం 9.15

దాచవద్దన్న దానికి నేను ఒప్పుకుంటాను కానీ, ఈ వారం కాదు. ముందు సూదులు మొదలవ్వనీయండి. వాళ్ళకు చెప్తే వాళ్ళ పెద్దవాళ్ళు కూర్చుంటారు, మీ పెద్దవాళ్ళు కూర్చుంటారు, రెండు వారాలు మాటల్లోనే పోతాయి. మా ఆడబిడ్డ విషయంలో అదే జరిగింది. అత్తగారివాళ్ళు తేల్చేసరికి కీమో తేదీ వచ్చేసింది.

నేను మాత్రం దాచుకోలేదు. నాకు 37 ఏళ్ళప్పుడు వచ్చింది, అప్పటికే ఇద్దరు పిల్లలు. డాక్టర్ అడిగారు, వద్దన్నాను. ఆ డబ్బుతో పిల్లల ఫీజు కట్టాను. అడిగి వద్దనుకోవడం వేరు, ఎవరూ అడగకుండా పోవడం వేరు. నన్ను అడిగారు, నాకు అది చాలు.

కాజీపేట చెల్లె | బుధవారం రాత్రి 8.30

చెల్లే, నాకు ఇప్పుడు ట్రాన్స్‌ప్లాంట్ అయ్యి చాలా కాలమైంది. నెలసరి తిరిగి రాలేదు. హార్మోన్ మాత్రల మీద ఉన్నాను. పెళ్ళిచూపుల్లో అబ్బాయికి మొదటే చెప్పాను, జబ్బు సంగతి, గుడ్ల సంగతి రెండూ. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. మూడో ఆయన డాక్టర్‌ని కలుద్దామన్నాడు. వచ్చే మాఘంలో పెళ్ళి. ఆ కొద్ది గుడ్లతో బిడ్డ పుడుతుందో లేదో మాకిద్దరికీ తెలియదు, తెలియకుండానే ఒప్పుకున్నాం.

చెల్లెని నేనే | శుక్రవారం రాత్రి 10.20

నిన్న పోయాం. క్యాన్సర్ డాక్టర్‌తో నేనే మాట్లాడాను. ఆయన వద్దనలేదు, మీరు అడగలేదు కాబట్టి చెప్పలేదన్నారు. ఆ మాట నాకు చాలా కష్టంగా అనిపించింది. బయట వరుసలో నా వయసు పిల్లలు ఎందరో ఉన్నారు, వాళ్ళలో ఎంతమందికి అడగాలని తెలుసు? కీమో తేదీ రాసిచ్చి, ఆలోపు అయితే చేయించుకో అన్నారు. ఫెర్టిలిటీ డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడారు కూడా. లెట్రోజోల్ ఇస్తామన్నారు. రక్త పరీక్ష, పొట్ట మీది నుంచి స్కానింగు అయ్యాయి. మొదటి సూది ఈ రోజు మా ఊరి సిస్టర్ వేసింది. డబ్బు కొంత అన్న చిట్టీ ఎత్తి తెచ్చాడు, కొంత పెళ్ళికని దాచినది.

ఆదిలాబాద్ మేనత్త | శనివారం ఉదయం 7.50

ఇదంతా చదువుతున్నాను. మా అన్న కూతురికి 14 ఏళ్ళు. మోకాలి దగ్గర ఎముక క్యాన్సర్. పెద్దమనిషై ఏడాది అయింది. వచ్చే వారం కీమో అంటున్నారు. 21 దాటాలని వకీలుగారు రాశారు, మరి ఇంత చిన్న పిల్లకు ఏమీ చేయలేమా?

హనుమకొండ గైనిక్ | శనివారం ఉదయం 8.35

చేయగలిగింది ఉండొచ్చమ్మా. చిన్న పిల్లలకు, సూదులకు టైం లేనివాళ్ళకు అండాశయం పొరలో కొంత భాగాన్ని చిన్న కోతతో, లాప్రోస్కోపీలో తీసి ఫ్రీజ్ చేసే పద్ధతి ఉంది. ఒకటి, రెండు రోజుల పని. తర్వాత దాన్ని తిరిగి శరీరంలో అమరుస్తారు. అలా అమర్చిన కణజాలంతో తొలి బిడ్డ 2004లో బెల్జియంలో పుట్టింది. లుకీమియాలో మాత్రం ఆ కణజాలంతో పాటు జబ్బు కణాలు తిరిగి వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి చాలా జాగ్రత్త పడతారు. ఇది అన్నిచోట్లా చేయరు. సోమవారం పొద్దున్నే పిల్లల క్యాన్సర్ డాక్టర్‌ని అడగండి: ఇచ్చే మందుల్లో గుడ్ల నిల్వను తగ్గించే ఐఫాస్ఫమైడ్, సైక్లోఫాస్ఫమైడ్ ఉన్నాయా, మొత్తం డోసు ఎంత, ఈ పిల్లకు ముప్పు ఎక్కువా తక్కువా, ఎక్కువైతే కణజాలం దాచే చోటికి రెఫర్ చేస్తారా. ముప్పు తక్కువని చెప్తే ఏమీ చేయనక్కర్లేదు, అది కూడా ఫైల్‌లో రాయించుకోండి.

కరీంనగర్ వకీలు | శనివారం ఉదయం 9.20

మైనర్ కాబట్టి సంతకం తల్లిదండ్రులది. కానీ పిల్ల వయసుకు అర్థమయ్యేలా చెప్పి, ఆమె ఒప్పుకున్నాకే చేయాలి. దవాఖానలో ఎథిక్స్ కమిటీ ఉంటుంది, అక్కడ నుంచి రాతపూర్వకంగా తీసుకోమని డాక్టర్‌నే అడగండి.

ఆదిలాబాద్ మేనత్త | శనివారం ఉదయం 9.45

వదినకు ఫోన్ చేశాను. ఫైల్ తీసి మందుల పేర్లు చదివి వినిపిస్తోంది, రాసుకుంటున్నాను. ఐఫాస్ఫమైడ్ ఉంది.